తంబూర పట్టిన చెయ్యి



మధ్యాహ్నం భోజనాలయి, వంటిల్లు సర్దుకుని, కాస్త కూర్చునే వేళ ఇది. ఈ కాసేపట్లో మీకొక దళం కథ చెప్పాలనుకుంటున్నాను. దళమంటే కంగారు పడకండి, బుర్రకథ దళం. ముగ్గురు మనుషులు, ఒక తంబూర, రెండు గుమ్మెటలు. ఇంత చిన్న బలగంతో యాభై ఏళ్లపాటు తెలుగువాళ్లను నవ్వించి, ఏడిపించి, ఆలోచింపజేసిన వారి చరిత్ర మన ఆడవాళ్లకెందుకూ అంటారా? దానికి మా ఇంట్లోదే ఒక సంగతి ఉంది. ముందు అది చెప్పి, తరవాత చరిత్రలోకి వస్తాను.

మాది ఖమ్మం జిల్లా ఎర్రుపాలెం. బెజవాడలో కాజీపేట వైపు రైలెక్కితే మధిరకు ముందు వచ్చే చిన్న స్టేషను. సికింద్రాబాదు నుంచి బెజవాడ దాకా 1889లో ఆ లైను పూర్తయింది. ఆ రోజుల్లో మా ఊరు నిజాం రాజ్యానికి అంచు. పొలాలు దాటితే మద్రాసు రాజధాని కిందనున్న కృష్ణా జిల్లా. భాష ఒకటే, బంధుత్వాలు ఒకటే, ప్రభుత్వాలు మాత్రం రెండు. జనాన్ని కదిలిస్తుందని భయపడి ఆ రెండు ప్రభుత్వాలూ బుర్రకథ మీద నిషేధం పెట్టిన కాలం కూడా ఒకటుంది. అయితే 1943 నుంచి నాలుగైదేళ్లు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మాత్రం ఊరూరా బుర్రకథలు జోరుగా సాగాయి.

మా చిన్నమ్మకు అప్పుడు పన్నెండేళ్లు. పొరుగు జిల్లాలో ఏదో ఊళ్లో కథ చెబుతున్నారని తెలిసి మా ఇంట్లో మగవాళ్లు రాత్రిపూట బండి కట్టారట. బండిలో గడ్డి మీద దుప్పటి కప్పుకుని చిన్నమ్మ పడుకుంది. సగం దూరం పోయాక గానీ ఎవరూ చూడలేదు. ఇంక వెనక్కి తిప్పలేక వెంట తీసుకుపోయారు. ఆ రాత్రి విన్నది పల్నాటి యుద్ధం. తెల్లారి ఇంటికొచ్చి ఇత్తడి బిందె బోర్లించి దాన్ని గుమ్మెటలా వాయిస్తూ, బ్రహ్మనాయుణ్ణీ, నాగమ్మనూ, బాలచంద్రుణ్ణీ అందరినీ తనే అయి కథ మొత్తం చెప్పిందట. మా నానమ్మ మురిసిపోయింది. రెండేళ్ల తరవాత, ఆడవాళ్ల దళం ఒకటి ఉందట, నేనూ వెళ్లి నేర్చుకుంటానని చిన్నమ్మ అన్నప్పుడు మాత్రం ఆ నానమ్మే గుమ్మానికి అడ్డం నిలబడింది. "తంబూర పట్టుకుని నలుగురి మధ్య నిలబడిన పిల్లను ఎవరు చేసుకుంటారే?" అంది. దాంతో చిన్నమ్మ నోరు మూతపడింది.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం.

బుర్రకథ ఆకాశం నుంచి ఊడిపడలేదు. అంతకు ముందు జంగం కథలున్నాయి. మా తెలంగాణలో శారద కథలున్నాయి. జంగాలు, శారదకాండ్రు ఊరూరా తిరిగి రాజుల కథలు, వీరుల కథలు, పేరంటాళ్ల కథలు పాడి, ఇంటింటా ఇచ్చిన గింజలతో బతికేవాళ్లు. కథకుడి భుజాన తంబూర, చేతి బొటనవేలికి అందె, కాళ్లకు గజ్జెలు. పక్కన వంత పాడేవాళ్లు. ఆ వంతలు ఎవరనుకుంటున్నారు? చాలాసార్లు అతని ఇల్లాలే. ఈ మాట కాస్త గుర్తు పెట్టుకోండి. ఆ కళలో ఆడది మొదటినుంచీ ఉంది. అయితే ఆమె పేదది, దేశం మీద తిరిగేది. అందుకే లోకం ఆమెను కళాకారిణి అనలేదు, ముష్టిది అంది.

1943లో బొంబాయిలో భారత ప్రజా నాటక సంఘం పుట్టింది. ఆ ఏడే మన దగ్గర ప్రజానాట్యమండలి వచ్చింది. దానికి ప్రాణం పోసిన వారిలో డాక్టర్ గరికపాటి రాజారావు గారు ముఖ్యులు. చదువు రాని పల్లె జనానికి దేశంలో జరుగుతున్న సంగతులు చెప్పాలంటే పత్రికలు చాలవు, ఉపన్యాసాలు ఎక్కవు. వాళ్లకు తెలిసిన బాణీలోనే చెప్పాలి. అలా జంగం కథను చేతిలోకి తీసుకుని, రాత్రుళ్ల తరబడి సాగేదాన్ని రెండు మూడు గంటలకు కుదించి, కొత్త కథలు కట్టారు. మధ్యలో తంబూరతో కథకుడు, ఒక పక్క లోకం సంగతులు, రాజకీయాలు మాట్లాడే వంత, రెండో పక్క నవ్వించే హాస్యం వంత. ఈ మూడు పాత్రల అమరికే మనందరికీ తెలిసిన బుర్రకథ. గంభీరమైన ఘట్టం నడుస్తుండగా హాస్యగాడు అడ్డు తగులుతాడు, జనం నవ్వుతారు, ఆ నవ్వు మధ్యలోంచి రెండో వంత ఊళ్లో ధాన్యం ధర సంగతి ఎత్తుతాడు. పన్నెండో శతాబ్దం కథ చూస్తూ చూస్తూండగానే మన వీధిలోకి వచ్చేస్తుంది. కిటుకంతా అదే.

ఈ కళకు పితామహుడని పేరు పొందినవారు షేక్ నాజర్ గారు. 1920 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. దూదేకుల కుటుంబం, కటిక పేదరికం. దూది ఏకే కులాన్ని పింజారులంటారు. మన భాషలో ఆ మాటను తిట్టుగా కూడా వాడతారు, మీకు తెలుసు. ఆ ఇంటి పిల్లవాడు చిన్నప్పుడు నాటకాల్లో వేషాలు వేశాడు, సంగీతం నేర్చుకున్నాడు, బతకడానికి రకరకాల పనులు చేశాడు. ప్రజానాట్యమండలిలోకి వచ్చాక తంబూర భుజానికెత్తుకున్నాడు. ఇంక దించలేదు.

నాజర్ గారు చేసినదేమిటి? ఊరి బాణీకి శాస్త్రీయ రాగాలు కలిపారు. పాటకు నటన జోడించారు. యుద్ధం చెబుతుంటే గజ్జెల అడుగులే గుర్రపు డెక్కలయ్యేవి. కన్నతల్లి శోకం వచ్చేసరికి అదే మనిషి గొంతు జీరపోయేది. 1943 బెంగాలు కరువు మీద కథ చెప్పారు. బొబ్బిలి యుద్ధం చెప్పారు. మా జిల్లా పైన భద్రాచలం అడవులు దాటితే వచ్చే మన్యంలో తిరిగి, 1924లో ప్రాణం ఇచ్చిన అల్లూరి సీతారామరాజు కథ చెప్పారు. అన్నిటికన్నా పల్నాటి యుద్ధానికి గొప్ప పేరొచ్చింది.

ఆ కథలో మన ఆడవాళ్లకు పని ఉంది. గురజాలలో మంత్రాంగం నడిపింది నాయకురాలు నాగమ్మ, ఒక ఆడది. కోడిపందెంలో ఓడించి మాచర్లవారిని అడవుల పాలు చేసిందని ఆమెను తిట్టని ఊరు లేదు. బాలచంద్రుడికి కత్తి చేతికిచ్చి యుద్ధానికి పంపింది మాంచాల, ఇంకో ఆడది. ఒకరిని తిట్టడానికీ, ఒకరిని పొగడడానికీ ఇద్దరు ఆడవాళ్లు కావాలి, కథ చెప్పడానికి మాత్రం ఆడది పనికిరాదా? మా చిన్నమ్మ అడిగింది ఈ ప్రశ్నే.

ఆ ప్రశ్నకు మాటతో కాకుండా చేతతో జవాబు చెప్పినవారు మోటూరు ఉదయం గారు. 1924లో పుట్టిన ఈమె, 1940లలోనే ఆడవాళ్ల బుర్రకథ దళం కట్టి నడిపించారు. మగవాడి పక్కన వంతగా నిలబడడం కాదు, నడుమ నిలబడి, తంబూర తన భుజాన వేసుకుని, వేలమంది ఎదట కథ నడపడం! ఆ రోజుల్లో అది ఎంత సాహసమో, వాకిట్లోకి రావాలంటే అత్తగారి మొహం చూసిన తరం వాళ్లకు చెప్పక్కర్లేదు. అదే మండలిలో పాటలు పాడి, నాటకాలాడిన కొండపల్లి కోటేశ్వరమ్మ గారు బాల్యంలోనే వితంతువైన మనిషి. 2012లో 'నిర్జన వారధి' అని తన జీవితం తానే రాసుకున్నారు. నిండు నూరేళ్లూ బతికి 2018లో కన్నుమూశారు. ఇళ్లలోంచి నడిచొచ్చిన ఇలాంటి ఆడవాళ్లు లేకపోతే ఆ ఉద్యమం సగమే.

1948 తరవాత ప్రజానాట్యమండలి మీద నిర్బంధం వచ్చిపడింది. తెలంగాణ రైతుల మీద సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు రాసిన 'మా భూమి' నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. దళాలు చెదిరిపోయాయి. కొందరు సినిమా దారి పట్టారు. రాజారావు గారు 1953లో 'పుట్టిల్లు' తీశారు, మన జమున గారి మొదటి సినిమా అదే. 1954లో వచ్చిన 'అగ్గిరాముడు'లో నాజర్ దళం చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథ ఉంది.

ఆ సినిమా నేను చిన్నమ్మ ఒళ్లో కూర్చుని చూశాను. అప్పటికి ఆమెకు పెళ్లయి, అత్తవారింటి నుంచి పండక్కి వచ్చింది. తెర మీద గుమ్మెట మోగగానే నా భుజం మీద ఆమె వేళ్లు తాళం వేయడం మొదలుపెట్టాయి. వంత అందుకోవలసిన ప్రతిచోటా ఆమె పెదాలు కదిలాయి. శబ్దం మాత్రం రాలేదు. బయటికొచ్చాక, "చిన్నమ్మా, నువ్వెందుకు పైకి పాడలేదు?" అన్నాను. "పక్కన మీ బాబాయి ఉన్నాడు కదే" అంది.

తరవాత నాజర్ గారి దళం సభల్లో, తిరునాళ్లలో, రేడియోలో ఏళ్ల తరబడి కథ చెబుతూనే ఉంది. ప్రభుత్వాలు కూడా ఈ కళ బలం కనిపెట్టాయి. ఒకప్పుడు నిషేధించినదాన్నే పిలిచి, కుటుంబ నియంత్రణ గురించీ, చిన్న మొత్తాల పొదుపు గురించీ చెప్పించుకున్నాయి. నాజర్ గారికి 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997 ఫిబ్రవరిలో ఆయన పోయారు. అంగడాల వెంకటరమణమూర్తి గారు ఆయన జీవితకథను ఆయన నోట విని పుస్తకంగా తెచ్చారు. దానికి పెట్టిన పేరేమిటో తెలుసా? 'పింజారి'. లోకం తిట్టుగా వాడిన మాటను ఆయన బిరుదులా నెత్తిన పెట్టుకున్నారు. చిన్నప్పటి నుంచీ సిగ్గుపడమని లోకం చెప్పినదాన్నే తన పేరు చేసుకోవడం ఎంత ధైర్యమో ఆలోచించండి.

ఈ ధైర్యం సంగతి నాకు పూర్తిగా అర్థమయింది మాత్రం చాలా దూరదేశంలో. మా అమ్మాయి లాస్ ఏంజలస్ పక్కన ఉంటుంది. పోయినసారి వెళ్లినప్పుడు పొరుగున మెక్సికో వాళ్లింట్లో పెళ్లి జరిగింది, మమ్మల్నీ పిలిచారు. పాట మొదలయ్యేసరికి ముసలమ్మలు, పసిపిల్లలు అందరూ లేచి ఆడడమే! ఆ పాట పేరు 'లా బాంబా'. మా మనవరాలు నా చెవిలో దాని కథంతా చెప్పింది.

అది మెక్సికోలో వెరాక్రూజ్ సీమ పల్లెపాట. పెళ్లిళ్లలో పాడుకునేది. 1958లో రిచీ వాలెన్స్ అనే కుర్రవాడు అమెరికాలో దాన్ని రాక్ పాటగా పాడాడు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో విమానం కూలి పోయాడు, పదిహేడేళ్ల పిల్లవాడు. తరవాత 1973లో తూర్పు లాస్ ఏంజలస్‌లో నలుగురు కుర్రాళ్లు ఒక బృందం కట్టారు. డేవిడ్ హిడాల్గో, లూయీ పేరెజ్, సీజర్ రోసాస్, కాన్రాడ్ లొజానో. పేరు 'లోస్ లోబోస్'. స్పానిష్‌లో తోడేళ్లని అర్థం. మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు. అమెరికా కుర్రాళ్లందరిలాగే వాళ్లూ కరెంటు గిటార్లు పట్టి రాక్ సంగీతం వాయించేవాళ్లే. ఇంట్లో అమ్మానాన్నలు వినే పాటలంటే పాతచింతకాయ పచ్చడి అనుకున్న వయసు.

ఏమయిందో, ఒకనాడు ఆ పాటలే నేర్చుకోవాలనుకున్నారు. తీరా కూర్చుంటే అవి చేతికి లొంగలేదు. ముసలివాళ్లకు సులువుగా వచ్చేదానిలో ఎంత విద్య ఉందో అప్పుడు తెలిసింది. ఎనిమిది తీగల చిన్న జరానా, పెద్ద పొట్ట ఉన్న గిటారోన్, ఇలాంటి తమ వాద్యాలు పట్టుకుని ఏళ్ల తరబడి సాధన చేశారు. పెళ్లిళ్లలో, పూటకూళ్లలో వాయించి పొట్టపోసుకున్నారు. 1978లో సొంతంగా మొదటి రికార్డు వేసుకున్నారు. ఆ తరవాత మళ్లీ రాక్ వైపు వెళ్లారు గాని, ఈసారి చేతిలో ఇంటి బాణీ ఉంది. 1984లో వాళ్లకు మొదటి గ్రామీ బహుమతి వచ్చింది. స్టీవ్ బెర్లిన్ అనే శాక్సఫోను విద్వాంసుడు అయిదోవాడుగా చేరాడు. 1987లో వాలెన్స్ మీద తీసిన సినిమా కోసం వాళ్లు పాడిన 'లా బాంబా' అమెరికా దేశమంతటా మొదటి స్థానంలో నిలిచింది.

ఇక్కడ గమనించండి. అంత డబ్బు, పేరు వచ్చాక ఎవరైనా ఏం చేస్తారు? అలాంటి పాటే ఇంకోటి చేస్తారు. వాళ్లు మాత్రం మరుసటి ఏడు, 1988లో, కరెంటు వాద్యాలు పక్కన పెట్టి, తాతల నాటి మెక్సికో పాటల పద్ధతిలో ఒక రికార్డు చేశారు. లోకం తమ వైపు చూస్తున్నప్పుడే ఇంటి సంగీతాన్ని ముందుకు నెట్టారు. 1992లో 'కీకో' అని కొత్త ప్రయోగాల రికార్డు. 2021లో తమ ఊరు లాస్ ఏంజలస్ పాటలనే ఎంచుకుని పాడిన రికార్డుకు 2022లో మళ్లీ గ్రామీ. 2023కు యాభై ఏళ్లు నిండాయి. మొదలుపెట్టిన ఆ నలుగురూ అన్నాళ్లు కలిసే వాయించారు. అన్నదమ్ములే పదేళ్లు ఒక ఇంట్లో ఉండలేని రోజులివి!

వింటున్నంతసేపూ నాకు నాజర్ గారే గుర్తొచ్చారు. ఆయన ఊరి బాణీకి రాగం కలిపితే, వీళ్లు రాక్ కలిపారు. కలిపితే కళ పాడవుతుందని కొందరంటారు. మన వంట సంగతి చూడండి. మిరపకాయ మనది కాదు, దూరదేశం నుంచి, ఆ మెక్సికో వైపు నుంచే వచ్చింది. అది లేని తెలుగు వంట ఇవాళ ఊహించగలమా? మూలం గట్టిగా చేతిలో ఉన్నవాళ్లు ఏం కలిపినా అది వాళ్లదే అవుతుంది. మూలమే పోగొట్టుకుంటే కలపడానికేమీ మిగలదు.

ఆ పెళ్లిలో మనవరాలు ఉన్నట్టుండి, "అమ్మమ్మా, మనింట్లో ఇలాంటి పాటలేమున్నాయి?" అని అడిగింది. నేను చిన్నమ్మ సంగతి చెప్పాను. బతుకమ్మ రోజుల్లో పుట్టింటికి వచ్చినప్పుడు, పువ్వులు నీళ్లలో వదిలి వచ్చాక, మగవాళ్లు నిద్రపోయారని తెలుసుకుని, పెరట్లో ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి ఆమె పల్నాటి కథ చెప్పేది. అదే ఇత్తడి బిందె. అక్కయ్యలు ఇద్దరు అటూ ఇటూ వంత. తన కథలో నాగమ్మను తిట్టేది కాదు. "దానికీ ఒక న్యాయం ఉంది కదర్రా" అని, ఆ ఘట్టం తనే సొంతంగా కట్టుకుని పాడేది. అలాంటి నాగమ్మను నేను మళ్లీ ఎక్కడా వినలేదు.

"పాడు అమ్మమ్మా" అంది పిల్ల. తందాన తాన అన్నాను. తరవాత మొదటి చరణం గుర్తొచ్చింది, రెండోది సగం వచ్చింది. అక్కడ ఆగిపోయాను. చిన్నమ్మ పోయి చాలా ఏళ్లయింది. వంత పాడిన అక్కయ్యలూ లేరు. ఎన్ని బతుకమ్మ పండుగలకు విన్నానో, ఒక్కసారన్నా కాగితం మీద పెట్టుకోలేదు. ఆ రోజుల్లో నాకు తీరిక లేక కాదు. ఇది రాసుకోవలసిన విద్య అని తోచలేదు. పెరట్లో బిందె మీద చెప్పే కథ కదా, దానికి పుస్తకమేమిటి అనుకున్నాను. నానమ్మ గుమ్మానికి అడ్డం నిలబడి చేసినదానికన్నా నేను చేసినది తక్కువేమీ కాదు.

అందుకే ఈ పూట మిమ్మల్ని ఒక్కటి అడుగుతాను. మోటూరు ఉదయం గారు వేసిన దారిలో తరవాత ఎందరో ఆడపిల్లలు దళాలు కట్టారు. రేడియోలో, టీవీలో కథలు చెప్పారు. వాళ్ల సంగతి చరిత్ర రాసేవాళ్లు చూసుకుంటారు. పెరటి కళాకారిణుల సంగతి మాత్రం మనమే చూసుకోవాలి. మీ ఇంట్లో అత్తగారో, అమ్మో, పక్కింటి మామ్మగారో ఉంటారు. రోకటి పాటో, లాలి పాటో, ఏ పేరంటాలి కథో వాళ్లకు వచ్చే ఉంటుంది. "అబ్బే, నాకేమీ రాదమ్మా" అంటారు. నమ్మకండి. పప్పు ఏరుతూనో, పూలు కడుతూనో పక్కన కూర్చుని మొదటి మాట మీరు అందివ్వండి, మిగతాది దానంతటదే వస్తుంది. ఇప్పుడు ప్రతి ఇంట్లో సెల్‌ఫోను ఉంది. ఒక మీట నొక్కితే గొంతు పట్టుకుంటుంది. పాలవాడి లెక్క రాసుకునే పుస్తకంలో రెండు పేజీలు దీనికి కేటాయించండి.

నేను నోటుపుస్తకం ఒకటి కొన్నాను. మొదటి పేజీలో చరణంన్నర ఉంది. కింద ఖాళీ వదిలాను. మా ఎర్రుపాలెం వైపు వాళ్లెవరికైనా, నాగమ్మకు న్యాయం చెప్పిన ఆ కథలో మిగతా ముక్క తెలిసి ఉండకపోతుందా అని ఒక ఆశ.